ఇంటికో చింతగింజ

సక్కుబాయి నెత్తిమీది గంప దించేసరికి రాళ్ల దొర బంగళా వరండాలో నవ్వులు వినబడుతున్నాయి. గంపలో వరిగడ్డి పరిచి పేర్చిన పూలకుండీలున్నాయి. ఒక్కొక్కదాన్ని చూపుడువేలు మడిచి కొట్టి చూసి, ఖంగుమన్నదాన్ని గోడవారగా పెడుతోంది. బీట తీసిన కుండీ ఇస్తే దొరసాని ఏమీ అనదు గానీ, ఇంటికి పోయాక సక్కుబాయికే అన్నం సయించదు.

కొండాపూర్‌కూ మాదాపూర్‌కూ నడుమ గుట్టల్లో నల్లరాయి కొట్టించే దొర ఆయన. ఊళ్లో అందరూ జర్మన్ దొర అంటారు. అన్నప్పుడల్లా ఆయన చెయ్యి అడ్డంగా ఊపి, కాదు కాదని ఏదో పేరు చెబుతాడు. లీఖ్టెన్‌స్టైన్ అట. తాసీల్దారు వెంకటనారాయణ గారు ఒక్కరే ఆ పేరు తడబడకుండా పలికారు. మిగతా ఊరి నోట్లో పడి అది లిక్కి దేశం అయింది.

ఆ పూట వరండాలో తాసీల్దారు గారు కుర్చీలో ఉన్నారు. పోలీసు యాక్షన్ అయ్యాక బెజవాడ వైపు నుంచి వచ్చిన మనిషి, మంచి చెయ్యాలన్న తొందర మెండు. మెట్ల మీద పటేలు కూర్చున్నాడు. దొర పైపు నోట్లోంచి తీసి ఏదో చెబుతున్నాడు, తాసీల్దారు తల ఊపుతున్నారు.

"ఏందే బుచ్చక్కా, గంత సంబురం?" అని సక్కుబాయి అడిగింది.

బంగళాలో వంట చేసే బుచ్చమ్మ వంకాయలు తరుగుతూనే చెప్పింది. "వచ్చే ఐతారం లిక్కి దేశంల ఓట్లట. గా దేశం ఎంతనుకుంటున్నవు? పొద్దుగాల అడ్డం వడి నడిస్తే బువ్వ తినే అంబటాళ్లకు దాటిపోతవంట. దానికో రాజు. మళ్ల జనం ఎంచుకున్నోళ్లు పదిహేనుమంది పెద్దమనుషులు."

"రాజుండంగ మళ్ల వాళ్లెందుకే?"

"రాజుకేం ఎరుక, కుంటల నీళ్లెన్నున్నయో?"

ఆ మాట సక్కుబాయికి నచ్చింది. ఊళ్లోనూ అదే ముచ్చట నడుస్తోంది మరి. కుంట మీద పెత్తనం ఇకనుంచి పటేలుది కాదనీ, ఊరు ఎంచుకున్న మనిషిదనీ తాసీల్దారు చావడిలో చెప్పారు. నీళ్లు ఎవరికి ముందు వదలాలో, అడుగు మన్ను ఎవరు తియ్యాలో ఆ కుంటపెద్దే చెబుతాడు. పటేలు బామ్మర్ది బాలనర్సయ్య నిలబడ్డాడు. అతను గెలిస్తే కుంట మన్ను కూకట్‌పల్లి తొవ్వలో ఇటుకబట్టీ పెట్టిన సేటుకు పోతుందని ఊరంతటికీ తెలుసు. కుంట కింద రెండు మడులున్న కాపు వీరేశం కూడా నిలబడ్డాడు. అడుగు మన్ను తవ్వితే నీళ్లు ఇంకిపోతాయని అతని భయం. మన్ను పోతే చక్రం ఆగుతుందని సక్కుబాయి భయం. కుమ్మరింటికి మన్ను లేకపోవడమంటే ఆవుకు పొదుగు లేకపోవడమే.

ఆ రోజు చావడిలో తాసీల్దారు, "ఆడవాళ్లు కూడా చెయ్యెత్తొచ్చండి," అన్నారు. గోడవతల నిలబడి సక్కుబాయి ఆ మాట తన చెవులారా విన్నది. అప్పటినుంచీ మట్టి తొక్కుతున్నా, నీళ్లు తోడుతున్నా ఆమె కుడిచెయ్యి ఆమెకే కొత్తగా ఉంది.

వరండాలో తాసీల్దారు ఏదో అడిగారు. దొర పెద్దగా నవ్వి తల అడ్డంగా ఊపాడు. తాసీల్దారు పటేలు వైపు తిరిగి తెలుగులో చెప్పారు.

"చిత్రమండి పటేలు గారూ. వాళ్ల దేశంలో ఆడవాళ్లకు ఓటు లేదట. మగవాడు రాకపోతే మాత్రం జరిమానా అట!"

పటేలు తొడ చరిచాడు. "జూసిండ్రా సారూ! తెల్లోళ్లకే లేదు, ఇగ మన కుమ్మరోళ్లకు సాకలోళ్లకు ఏంది? ఇంటికో మగోడు ఏస్తే సాలు. ఇంటి మాట ఒక్కటే ఉంటది, కొట్లాటలుండవు."

"అంతేనంటారా?" అన్నారు తాసీల్దారు. ఆయన దొర ముఖం చూశారు. దొర పైపు వెలిగించుకుంటున్నాడు. "సరే. నాగరికులే అలా చేస్తుంటే మనం ముందుకు దూకడమెందుకు లెండి."

సక్కుబాయి చేతిలో కుండీ చేతిలోనే ఉండిపోయింది.

దొరసాని బయటికి వచ్చి కుండీలను వంగి చూసింది. నెరిసిన జుట్టు, బుగ్గల మీద ఎర్రటి సన్న నరాలు. ఆమె ముక్కలు ముక్కలు హిందుస్తానీ బుచ్చమ్మకే అర్థమవుతుంది. సక్కుబాయి ముఖం చూసి ఏమయిందని అడిగింది. బుచ్చమ్మ చెప్పింది. దొరసాని నడుము మీద చెయ్యేసుకుని చాలాసేపు మాట్లాడింది.

"ఏమంటుందే?"

"ఆమె అన్న సుత ఒకపాలి నిలవడ్డడట. ఓట్ల దినం ఆడోళ్లంత ఇంట్ల వంట జేసుకుంట కూసుంటరట. మొగనికి ఇష్టమైన సూపు కాసి పోసి, మా అన్నకు ఎయ్యిమని చెప్పి తోలిందట."

"ఏసిండా?"

బుచ్చమ్మ అడిగింది. దొరసాని భుజాలు ఎగరేసి, వరండాలో ఉన్న మొగుడి వైపు చూసి, చిన్నగా ఒక మాట అంది.

"నలబయ్యేండ్ల కాపురమట. ఎవలికేసిండో ఒక్కపాలి గూడ చెప్పలేదట. గుట్టు ఓటట అది."

*

ఓట్ల డబ్బాలకు తాళాలూ, తాళంచెవుల మీద తగవులూ ఎందుకని మట్టి గురిగులే చెయ్యమని తాసీల్దారు కబురు చేశారు. పిల్లలు పైసలు దాచుకునే గురిగుల్లాంటివే, కాస్త పెద్దవి. పైన గింజ పట్టేంత చీలిక. అందరి ముందూ పగలగొట్టి చూస్తే అనుమానం ఉండదు. బాలనర్సయ్య గురిగికి సున్నపు బొట్టు, వీరేశం గురిగికి ఎర్రని జాజుబొట్టు. ఇంటికో మగవాడు, మనిషికో చింతగింజ.

సక్కుబాయి మొగుడు రాజయ్య చక్రం తిప్పి రెండు గురిగులూ తీశాడు. చక్రం ముందు కూర్చోవడం ఆడదానికి లేదు. తీశాక అడుగు మూసి, లోపల రాతిగుండు ఆనించి బయట చెక్క సలపతో తట్టి తట్టి గోడ పలచన చేసేది సక్కుబాయే. సలప దెబ్బ ఎక్కడ మెత్తగా పడాలో, ఎక్కడ గట్టిగా పడాలో ఆమె మణికట్టుకు తెలుసు. ఆపైన మూతి కూడా మూసి, మట్టి ఇంకా పచ్చిగా ఉండగానే ఈతాకు ఈనెతో చీలిక కోసింది. కోసి, లోపలికి ఒక కన్ను పెట్టి చూసింది. చీకటి తప్ప ఏమీ లేదు.

"ఏం జూస్తున్నవే దాంట్ల?" అన్నాడు రాజయ్య.

"ఊరు జూస్తున్న."

"ఊరు గురిగిల వడుతదా?"

"లిక్కి దేశమే వట్టిందట, మన ఊరెంత."

రాజయ్య నవ్వాడు. మెత్తని మనిషి. ఎవరు కేకేసినా ముందు చేతులు కట్టుకుని తరువాత ఏందని అడుగుతాడు. కొట్టడు, తిట్టడు. అయితే పటేలు ఇంటి ముందు నుంచి పోవలసి వస్తే కుంట చుట్టూ తిరిగి పోతాడు.

ఆవం చల్లారి, బూడిద పక్కకు లాగి, గురిగులు బయటికి తీశారు. రెండూ ఎర్రగా, సమంగా కాలాయి. అప్పుడొచ్చింది చిక్కు, వీటిని ఎట్లా ఇచ్చి పంపాలని. ఆ మాఘమాసంలో ఎన్ని పెళ్లిళ్లు! ఐరేని కుండల కోసం డప్పులతో వచ్చి, సక్కుబాయికి బొట్టు పెట్టి, రవికగుడ్డ ఒళ్లో వేసి, ఆమె చేతులతో ఇస్తే తీసుకుపోయేవాళ్లు. అది బతికే కుండ. చావుకుండ వేరు. పగలగొట్టడానికే పోయే కుండను ఇల్లాలు చేతికియ్యదు. గుమ్మం బయట పెట్టి తలుపు చేరేస్తే, వచ్చినవాడు పలకరించకుండా, అటూ ఇటూ ఊపి చూడకుండా, వెనక్కి తిరగకుండా పట్టుకుపోవాలి.

"గివి ఏ కుండల కిందికొస్తయి?" అని రాజయ్య పరేషాన్ అయ్యాడు.

సక్కుబాయి తేల్చింది. "పగలగొడుతరు గద. బయటనే పెడదాం."

శనివారం మధ్యాహ్నం కుంటకు పోయి పరకచేపలు తెచ్చింది. దొరసాని చెప్పిన సూపు ఏమిటో ఆమెకు తెలియదు గానీ, రాజయ్యకు మామిడి ఒరుగులేసిన చేపల పులుసంటే ప్రాణం. పొయ్యిమీద పులుసు ఉడుకుతుంటే వాకిట్లో కూర్చున్న రాజయ్య రెండుసార్లు లోపలికి తొంగి చూశాడు.

తొలి ముద్ద మింగేదాకా ఆగి సక్కుబాయి అంది. "రేపు ఎర్రబొట్టుల ఎయ్యాలె."

"ఏస్త తియ్యి."

"ఏస్త తియ్యి కాదు. మన్ను పోతే ఏం దింటం? నువ్వు ఇటుకలు మోస్తవా సేటుకు? నేను మోస్తనా?"

"ఎర్రదాంట్లనే ఏస్త. నీ మీద ఒట్టు."

"నా మీద వద్దు. చక్రం మీద ఒట్టెయ్యి."

రాజయ్య చెయ్యి కడుక్కుని వచ్చి చక్రం మీద అరచెయ్యి ఆనించాడు. చక్రం కొంచెం కదిలింది. మళ్లీ వచ్చి కూర్చుని చేపతల చప్పరిస్తూ, "పులుసు మస్తుగున్నదే," అన్నాడు.

ఒట్టు వేశాడు కాబట్టి సక్కుబాయి నమ్మింది. నమ్మింది గానీ, అది ఆయన గింజ. ఆమె కుడిచెయ్యి ఇంకా ఊరుకోలేదు. పొద్దు గుంకే వేళ గురిగులు గుమ్మం బయట పెట్టబోతూ, పులుసుకు నానేసిన చింతపండు పిప్పిలోంచి ఒక గింజ తీసింది. అది చప్పుడు చెయ్యకూడదని చిటికెడు పచ్చిమన్ను దానికి అద్దింది. జాజుబొట్టు గురిగి చీలికలోంచి గడ్డిపరకతో అడుగుదాకా నెట్టి, అంటుకునేదాకా నొక్కి పట్టింది. గురిగి చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. ఏ చప్పుడూ లేదు.

ఊరి కబుర్లు మోసే మస్కూరి నర్సింహ వచ్చాడు. ఆచారం ఎరిగినవాడు. పలకరించలేదు, ఊపలేదు, వెనక్కి చూడలేదు. చంకకొకటి పెట్టుకుని పోయాడు. తలుపు సందులోంచి చూస్తూ సక్కుబాయి, ఊళ్లో అందరికన్నా ముందు తన ఓటే పడ్డదని నవ్వుకుంది.

*

ఐతారం పొద్దున చావడి ముందు ఊరు చేరింది. చావడి గది పొడుగ్గా, బండలు పరిచి ఉంటుంది. బాలనర్సయ్య గురిగిని తలుపు పక్కనే పెట్టారు. వీరేశం గురిగిని ఆ చివర, చీకటి మూలలో పెట్టారు. ఎవరు పెట్టమన్నారో ఎవరూ అడగలేదు. వాకిలికి దుప్పటి కట్టారు, లోపల ఎవరూ ఉండరు, గుట్టు ఓటు కదా. దుప్పటికి బయట, తలుపుకు ఆనించి నులకమంచం వేసుకుని పటేలు పడుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు.

తాసీల్దారు చెట్టుకింద కుర్చీలో కూర్చుని ఒక్కొక్కరికీ గింజ ఇస్తున్నారు. ఆయన పక్కన దొర. ఇవాళే తన దేశంలోనూ ఓట్లు పడుతున్నాయని ఆయన కొత్త టోపీ పెట్టుకొచ్చాడు.

ఆడవాళ్లు గోడవతల నిలబడ్డారు. వీరేశం తల్లి పోచమ్మ గోడకు చెవి ఆనించింది. సక్కుబాయి ఆమె పక్కనే నిలబడింది. లోపల అడుగుల చప్పుడు స్పష్టంగా వినిపిస్తోంది. వాళ్లకే కాదు, మంచం మీద కళ్లు మూసుకున్న మనిషికీ వినిపిస్తుంది. మొదటివాడు పోయాడు. రెండడుగులు, టక్‌మని గింజ, బయటికి వచ్చేశాడు. రెండోవాడూ అంతే.

"అందరు తలుపు కాడికెల్లే మర్లుతున్నరేందే?" అంది పోచమ్మ.

"ఉండు పెద్దమ్మా. మనోళ్లు ఇంక రాలే."

పటేలు ఒకసారి దగ్గాడు. లోపలున్నవాడి అడుగు మధ్యలో ఆగిపోయింది. వెంటనే టక్‌మంది.

వీరేశం పోయాడు. అతనిదీ తొందరే. పోచమ్మ ముఖం చిట్లించింది. "వీనికేం పుట్టింది? ఆ మూలదాక పోయిన సప్పుడే లేదు."

"మెత్తగ నడిచిండేమో."

తరువాత రాజయ్య. దుప్పటి కదిలింది. ఒక అడుగు, రెండు, మూడు, నాలుగు. సక్కుబాయి గోడమీది గచ్చును గోటితో పట్టుకుంది. అక్కడ చప్పుడు ఆగింది. చాలాసేపటికి గింజ పడింది గానీ, ఏ వైపో ఆమెకు తెలియలేదు. రాజయ్య బయటికి వచ్చినప్పుడు ముఖమంతా చెమట. సక్కుబాయికి మాత్రం కడుపు చల్లబడింది. అంతసేపు ఉన్నాడంటే ఆ మూలదాకా పోయే ఉంటాడు.

ఎండ నడినెత్తికి రాకముందే అయిపోయింది. గురిగులు బయటికి తెచ్చి అందరి ముందూ బండమీద పెట్టారు. నర్సింహ కర్ర ఎత్తాడు. కుమ్మరికి ఒక ఏడాది, గుదియకు ఒక పెట్టు అని ఊరికే అనలేదు పెద్దలు.

సున్నపు బొట్టు గురిగి పగిలింది. గింజలు జలజలా కుప్పపడ్డాయి.

జాజుబొట్టు గురిగి పగిలింది. పెంకులే పడ్డాయి. నర్సింహ పెంకులు అటూ ఇటూ తిరగేశాడు. అడుగు పెంకుకు అంటుకుని ఒకే ఒక్క గింజ ఉంది.

ఎవరో కిసుక్కున నవ్వారు. తాసీల్దారు ఆ పెంకు అందుకుని, గింజను గోటితో ఊడదీశారు. "ఒకటేనా!" అని జాలిగా వీరేశం వైపు చూసి, గింజను కోటు జేబులో వేసుకున్నారు.

గోడవతల పోచమ్మ సక్కుబాయి చెయ్యి పట్టుకుంది. "ఒక్కటేనా? ఒక్కటన్న ఉన్నది తియ్యి. గా ఒక్కటి నా కొడుకుదేనేమో."

సక్కుబాయి చెయ్యి విడిపించుకుంది. ఆ ఒక్కటీ ఎవరిదో ఆమెకు తెలుసు. అది తనదైతే వీరేశం గింజ ఏమయింది? ఒట్టేసిన గింజ ఏమయింది? కళ్లముందు చేపల పులుసు సట్టి కనబడింది. దాన్ని కూడా తీసి ఆ బండకేసి కొట్టాలనిపించింది.

*

మాపటికి సక్కుబాయి పోచమ్మ ఇంటి వెనక రోట్లో కారం దంచి పెడుతోంది. ముందు వాకిట్లో వీరేశం తల వంచుకుని కూర్చున్నాడు. ఒక మనిషి తలపాగా సవరించుకుంటూ వచ్చి, అటూ ఇటూ చూసి, వంగి అతని చెవిలో చెప్పాడు.

"ఫికర్ జెయ్యకు వీరేశం. గా ఒక్క గింజ నాదే. ఎవలతోని అనకు."

అతను పోయాక ఇంకొకడు వచ్చాడు. "తమ్మీ, ఊరంత మోసం జేసిందిగని నేను జెయ్యలే. ఎర్ర గురిగిల వడ్డది నా గింజనే."

తరువాత ఇంకొకడు. ఒక ముసలాయన ఏకంగా కన్నీళ్లు పెట్టుకుని చెప్పాడు. రోకలి ఎత్తి పట్టుకుని సక్కుబాయి వింటోంది. మొదట నవ్వొచ్చింది. తరువాత అదీ రాలేదు. పాపం, ఒక్క గింజ ఎన్ని ఇళ్లకు బిడ్డ కావాలి!

ఇంటికి పోయేసరికి రాజయ్య కల్లు తాగి వచ్చి ఉన్నాడు. ఆమెను చూడగానే రొమ్ము విరుచుకున్నాడు.

"కల్లు మండువల చెప్పేసిన! ఊరంత విన్నది. గా ఒక్క గింజ ఎవలిదనుకున్నరు, కుమ్మరి రాజయ్యది అన్న. గీ ఊర్లె ఒక్కడే మొగోడు అని లేసి నిలవడ్డరే అందరు!"

సక్కుబాయి కాళ్లు కడుక్కుంటూ ఆగిపోయింది. నీళ్లు చెంబులోంచి కారిపోతున్నాయి.

"అందరి ముందట చెప్పినవా?"

"చెప్పిన."

"ఎంత పిచ్చోనివయ్యా," అంది. తిట్టడానికి కూడా ఆమెకు ఓపిక లేకపోయింది.

*

తెల్లారి పొద్దు ఎక్కకముందే నర్సింహ వచ్చాడు. పటేలు రమ్మన్నాడట, ఇద్దరినీ.

చావడి ముందు నిన్నటి పెంకులు అలాగే ఉన్నాయి. తాసీల్దారు పట్నం పోవడానికి టాంగా సిద్ధం చేసుకుని, పోయేముందు కాగితం రాసిపోదామని కూర్చున్నారు. బాలనర్సయ్య మెడలో నిన్నటి బంతిపూల దండ వాడి వేలాడుతోంది. వీరేశం ఒక పక్క నిలబడ్డాడు. నిన్న మాపున వచ్చిపోయిన మనుషులందరూ ఉన్నారు, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా.

"ఏం రా రాజిగా," అన్నాడు బాలనర్సయ్య. "గా గింజ నీదటనే?"

రాజయ్య చేతులు కట్టుకున్నాడు. నిన్నటి కల్లు ఎప్పుడో దిగింది. "నాది కాదయ్యా."

"నిన్న మండువల అంటివి గద?"

"నిషల అన్న. నా గింజ తమరి గురిగిలనే ఏసిన. ఎల్లమ్మ తోడు." కట్టుకున్న చేతులు విప్పి చావడి తలుపు చూపించాడు. "జర దూరం పోయిన మాట నిజమే. నడుమల నిలవడ్డ. అటు పోబుద్ధి గాలే. ఎనకకొచ్చి తెల్లబొట్టులనే ఏసిన."

అన్నాక గానీ తన పెళ్లాం పక్కనే ఉందని అతనికి గుర్తు రాలేదు. సక్కుబాయి అతని వైపు చూడలేదు. నేలమీది పెంకుల వైపు చూస్తోంది.

"అబద్దమాడుతున్నడు బావా," అన్నాడు బాలనర్సయ్య. "కుమ్మరోళ్లకు కుంటల మన్ను బంద్. గంపెడు గాదు, గురిగెడు గూడ వద్దు. ఇగ ఏం చక్రం తిప్పుతడో చూస్త."

రాజయ్య మోకాళ్ల మీద కూలబడ్డాడు. తాసీల్దారు, "అయ్యయ్యో, గుట్టు ఓటండీ, అలా అడగకూడదు," అన్నారు గానీ, ఆయన మాట ఆయనంత మెత్తగానే ఉంది.

సక్కుబాయి ముందుకు వచ్చింది. కొంగు తలమీదికి లాక్కుంది. "గా గింజ నాది."

నవ్వులు లేచాయి. నిన్నటి నులకమంచం మీద పడుకున్న పటేలు కూడా లేచి కూర్చున్నాడు.

"నాదే సారూ. తమరి జేబుల ఉన్నది గద, తీసి చూడుండ్రి. దానికి కుంట మన్ను అంటి ఉంటది. సప్పుడు గావద్దని నేనే అద్దిన. గురిగి గుమ్మం బయట వెట్టేముందే ఏసిన."

తాసీల్దారు జేబులోంచి గింజ తీసి వెలుతురుకు పట్టారు. సగం వరకూ నల్లమన్ను ఎండి పట్టుకుని ఉంది. వేలితో రుద్దారు, రాలలేదు. నవ్వులు ఆగిపోయాయి. జనంలో ఒక్కొక్క తలా కిందికి దిగింది. ముసలాయన భుజంమీది తువ్వాలు తీసి దులిపి మళ్లీ వేసుకున్నాడు.

పటేలుకు అప్పుడు తట్టింది. వీరేశం వైపు తిరిగి అడిగాడు. "గది ఆమెదైతే, నీ గింజేదిరా? నీకు నువ్వుగూడ ఏసుకోలేదా?"

వీరేశం చెవులు ఎర్రబడ్డాయి. "బంతిల కూసొని తన ఇస్తారిల తనే వడ్డించుకుంటడా ఎవడన్న? సిగ్గనిపిచ్చింది. పెద్దమనిషి తానానికి నిలవడ్డంక అవతలోనికే ఏసిన. నాకు ఊరు ఏస్తదనుకున్న."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

తాసీల్దారు గింజను అరచేతిలో దొర్లించారు. ఆయన మంచి మనిషే, సక్కుబాయితో మన్నించమన్నట్టే మాట్లాడారు. "అమ్మా, మీకు ఓటు లేదు కదండీ. అందుచేత ఇది ఓటు కాదు. ఉత్త చింతగింజ. తప్పుగా అనుకోకండి, దొరగారి దేశంలోనైనా ఇంతే." గింజను పెంకుల్లోకి విసిరి, కాగితం మీదికి వంగారు. రాస్తూ పైకి చదివారు. "శ్రీ బాలనర్సయ్య గారు ఏకగ్రీవంగా ఎన్నికైనారు." తలెత్తి, కాస్త తృప్తిగానే అన్నారు. "ఒక్కరు కూడా కాదనలేదండి. ఇలాంటిది ఆ దేశంలో కూడా జరిగి ఉండదు."

బాలనర్సయ్య వాడిన దండ సర్దుకున్నాడు. "ఒక్కరు గూడ కాదనలే అంటే, ఇగ నాకెవల మీద కోపం? లేరా రాజిగా. సేటు బండ్లు పోసుకున్నంక మిగిలినకాడ తీసుకోరి. అడిగి తీసుకోరి."

*

మరునాడు కుంటలో బండ్లు దిగాయి. పొద్దున్నే వచ్చి, కుమ్మరులు తరాలుగా తవ్వుకుంటున్న చోటే పలుగులు వేశారు. నల్లమన్ను పెళ్లలు పెళ్లలుగా లేస్తోంది. దాని పచ్చివాసన కట్టదాకా వస్తోంది.

సక్కుబాయి గంపా, చలకపారా తెచ్చి కట్టమీద దించింది. వెనకాల రాజయ్య వచ్చాడు. నిన్నటినుంచీ అతనికి ఆమె అన్నం పెడుతూనే ఉంది, నీళ్లు తోడి ఇస్తూనే ఉంది. ఒక్క మాట మాత్రం అనలేదు. తిడితే బాగుండునని అతను నాలుగుసార్లు ఆమె ముందుకు వచ్చి నిలబడి పోయాడు.

అవతల తూము దగ్గర బాలనర్సయ్య వేపపుల్ల నములుతూ బండ్లవాళ్లను అజమాయిషీ చేస్తున్నాడు. వీళ్లను చూశాడు. చూసి తల తిప్పుకున్నాడు.

"పోయి అడుగవే," అన్నాడు రాజయ్య మెల్లగా. "ఆడదానివైతే జర దయ జూస్తడు."

సక్కుబాయి గంప బోర్లించి దానిమీద కూర్చుంది. కొంగుతో మెడమీది చెమట తుడుచుకుంది.

"నేనెట్ల అడుగుత? ఇంటికో మగోడే గద లెక్క. పో, నువ్వే అడుగు."

ఆమె లేవదని రాజయ్యకు తెలిసింది. చేతులు కట్టుకుని కట్టవెంట నడిచాడు. తూము దగ్గర ఆగి, వంగి ఏదో అన్నాడు. బాలనర్సయ్య వేపపుల్ల నోట్లోంచి తియ్యకుండానే చెవి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"ఏంది? గట్టిగ అడుగు. వినవడుతలేదు."

పలుగులు ఆపి బండ్లవాళ్లు చూస్తున్నారు. రాజయ్య మళ్లీ అడిగాడు. ఈసారి అతని గొంతు కుంట అవతలి ఒడ్డుదాకా వినిపించింది.